లాగిన్ స్క్రీన్ ప్యాచ్ వేశాక ఇంకేం చూడాలి?

ల్యాబ్‌లోని ఉబుంటు 20.04 (లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఒక రకం) సిస్టమ్స్‌లో మామూలు స్టూడెంట్ అకౌంట్‌తోనే అడ్మిన్ అయిపోవచ్చని విన్నాను, అప్‌డేట్ చేస్తే సరిపోతుందా అని అడిగారు. అప్‌డేట్‌తో కన్నం పూడుతుంది. అంతకుముందే ఎవరైనా దూరి ఉంటే మాత్రం వాళ్లు లోపలే ఉంటారు. మా కాలేజీ ల్యాబ్ చూసుకునేది నేనే. 2020 నవంబర్‌లో ఇది బయటపడినప్పుడు మేం చేసింది చెబుతాను.

దీన్ని కనిపెట్టింది గిట్‌హబ్ సెక్యూరిటీ ల్యాబ్‌లో పనిచేసే కెవిన్ బ్యాక్‌హౌస్. ఇందులో పాస్‌వర్డ్ జోలికే వెళ్లక్కర్లేదు. లాగిన్ స్క్రీన్ చూపించే జీడీఎం, సిస్టమ్‌లో ఎవరెవరికి అకౌంట్లు ఉన్నాయని అకౌంట్స్ డీమన్‌ను (అకౌంట్ల వివరాలు చూసుకుంటూ తెరవెనుక నడిచే ప్రోగ్రామ్) అడుగుతుంది. లాగిన్ అయిన యూజర్ తన హోమ్ ఫోల్డర్‌లో ఒక సిమ్‌లింక్ (వేరే ఫైల్‌కు దారి చూపే లింక్) పెట్టి, సెట్టింగ్స్‌లో భాష మారిస్తే చాలు, ఆ డీమన్ అంతులేని ఫైల్ చదువుతూ ఇరుక్కుపోయేది. ఆ స్థితిలో దాన్ని ఆపే, చంపే అధికారం కూడా యూజర్‌కు దక్కేది. డీమన్ నుంచి జవాబు రాకపోతే జీడీఎం 'ఇందులో అసలు అకౌంట్లే లేవు' అనుకుని, కొత్త కంప్యూటర్‌కు చూపించినట్టు 'అకౌంట్ సృష్టించుకోండి' అనే స్క్రీన్ తెరిచేది. అలా పుట్టే అకౌంట్‌కు అడ్మిన్ హక్కులుంటాయి! జీడీఎంలో వేసిన ప్యాచ్ చిన్నదే: జవాబు రాకపోతే ముందుకు వెళ్లకుండా ఎర్రర్‌తో ఆగిపోతుంది. సెక్యూరిటీ లోపాలకు ఇచ్చే సీవీఈ నంబర్లలో ఈ జీడీఎం లోపం నంబర్ సీవీఈ-2020-16125. డీమన్‌లోని లోపాలను విడిగా సరిచేశారు కాబట్టి జీడీఎం3 (జీడీఎం ఉండేది), అకౌంట్స్‌సర్వీస్ (డీమన్ ఉండేది) రెండు ప్యాకేజీలూ అప్‌డేట్ కావాలి.

అప్‌డేట్ అయ్యాక రీస్టార్ట్ తప్పనిసరి. పాత ప్రోగ్రామ్ మెమరీలో నడుస్తూనే ఉంటుంది. మేం సాయంత్రం క్లాసులన్నీ అయ్యాక చేశాం.

తర్వాత ప్రతి సిస్టమ్‌లో సుడో గ్రూప్‌లో (అడ్మిన్ హక్కులున్న యూజర్ల గ్రూప్) ఎవరున్నారో చూశాం. 'గెటెంట్ గ్రూప్ సుడో' కమాండ్ ఇస్తే పేర్లు ఒకే వరుసలో వస్తాయి. ఒకదాంట్లో మాకు తెలియని పేరు కనిపించేసరికి టెన్షన్ పట్టుకుంది. వాకబు చేస్తే, సిస్టమ్స్ ఇన్‌స్టాల్ చేసినతను పెట్టుకున్న పాత అకౌంట్ అది. తీసేశాం. మీకు అలాంటి పేరు దొరికి, అది ఎవరిదో తేలకపోతే మాత్రం అకౌంట్ డిలీట్ చేసి ఊరుకోకండి. అడ్మిన్ హక్కులు దొరికినవాళ్లు ఇంకేం పెట్టి వెళ్లారో వెతికి పట్టుకోవడం కష్టం. ఆ సిస్టమ్ మొత్తం ఫార్మాట్ చేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయడమే మేలు.

ఇంకో జాగ్రత్త కూడా తీసుకున్నాం. జీడీఎం3 ఫోల్డర్‌లోని కస్టమ్ కాన్ఫ్ అనే సెట్టింగ్స్ ఫైల్లో, డీమన్ అనే విభాగం కింద ఇనిషియల్‌సెటప్‌ఎనేబుల్ విలువను ఫాల్స్ అని పెట్టాం. అప్పుడు ఆ కొత్త అకౌంట్ స్క్రీన్ ఎప్పటికీ రాదు. ల్యాబ్‌లో దాని అవసరమే లేదు కదా.

ఉబుంటులోనే వేరే రకాలైన కుబుంటు, జుబుంటు లాగిన్ స్క్రీన్‌కు జీడీఎం బదులు వరుసగా ఎస్‌డీడీఎంను, లైట్‌డీఎంను వాడతాయి కాబట్టి ఈ జీడీఎం లోపం వాటికి వర్తించదు. ఇక 20.04కి మామూలు సపోర్ట్ 2025 మేతో ముగిసింది. వెంటనే కొత్త వెర్షన్‌కు మారలేకపోతే ఉబుంటు ప్రో (అదనపు కాలం అప్‌డేట్లు ఇచ్చే సబ్‌స్క్రిప్షన్) తీసుకోండి, సెక్యూరిటీ అప్‌డేట్లు 2030 వరకు వస్తాయి.