99 శాతం పోలింగ్ ఏం చెబుతుంది?

ప్రశ్న: సోవియట్ యూనియన్‌లో 99 శాతానికి పైగా ఓట్లు పడేవట. అయినా అది ప్రజాస్వామ్యం కాదంటారు. రాబర్ట్ డాల్ ‘పాలియార్కీ’ చదివితే తెలుస్తుందని మా లెక్చరర్ గారు అన్నారు. కాస్త వివరిస్తారా? మన దేశం అందులో ఎక్కడ ఉంటుంది?
– డిగ్రీ విద్యార్థిని, తెనాలి

జవాబు: యేల్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పిన డాల్ ఆ పుస్తకాన్ని 1971లో తెచ్చారు. సంపూర్ణ ప్రజాస్వామ్యం ఎక్కడా లేదనీ, ఆ దారిలో బాగా ముందుకు వచ్చిన దేశాలను పాలియార్కీలు అనాలనీ ఆయన వాదన.

కాగితం మీద రెండు గీతలు గీయండి. నిలువు గీత పోటీది: పాలకులను బాహాటంగా ఎదిరించి, ఓడించి, దించే వీలు ఎంత ఉంది? అడ్డగీత భాగస్వామ్యానిది: వయోజనుల్లో ఎంతమందికి ఆ హక్కు ఉంది? విద్యార్థులు ఎక్కువగా పొరపడేది ఇక్కడే. అడ్డగీత కొలిచేది హక్కును, పోలింగ్ శాతాన్ని కాదు. మీరు చెప్పిన 99కి ఈ పటంలో చోటే లేదు.

సోవియట్ బ్యాలెట్ మీద సాధారణంగా ఒక్కటే పేరుండేది. సరేననుకుంటే కాగితాన్ని అలాగే పెట్టెలో వేసి వెళ్లిపోవచ్చు. కాదంటే పేరు కొట్టేయాలి. అందుకని తెర చాటుకు వెళితే చాలు, అందరి కళ్లూ మీ మీదే. ఓటు అందరికీ ఉంది కాబట్టి అడ్డగీత చివరిదాకా వెళ్తుంది. నిలువు గీత మీద మాత్రం అట్టడుగే.

స్విట్జర్లాండ్‌ది దీనికి తిరగబడ్డ కథ. పార్టీల పోటీకి లోటు లేదు, కానీ మహిళలకు జాతీయ స్థాయిలో ఓటు 1971 ఫిబ్రవరి 7న గానీ రాలేదు. అంతకుముందు 1959లో ఇదే ప్రశ్న అడిగితే మగ ఓటర్లు వద్దన్నారు. బయట ఉంచినవాళ్ల సంగతి లోపలున్నవాళ్లే తేల్చడం ఎంత అన్యాయమో చూడండి.

ఇక మన దేశం. బ్రిటన్‌లో ముందు కొద్దిమంది మధ్య పోటీ కుదురుకుంది. ఓటుహక్కు 1832 నుంచి 1928 దాకా మెట్టుమెట్టుగా విస్తరించింది. ప్రత్యర్థులకు ఒకరి మీద ఒకరికి నమ్మకం కుదిరే వ్యవధి దొరుకుతుంది కనుక ఈ వరసే క్షేమమని డాల్ అభిప్రాయం. మనం 1951–52లోనే 17 కోట్లకు పైగా ఓటర్లతో రెండింటినీ ఒకేసారి మొదలుపెట్టాం. 1998 నాటి పుస్తకంలో ఆయన భారత్‌ను ఊహించని ప్రజాస్వామ్యంగా విడిగా చర్చించారు.

మీ పటంలో 1975–77ను కూడా గుర్తించండి. ఎమర్జెన్సీలో ఎవరి ఓటుహక్కూ రద్దు కాలేదు, అడ్డగీత కదల్లేదు. ప్రతిపక్ష నాయకులు జైళ్లలో, పత్రికలు సెన్సార్ కింద, ఎన్నికలు వాయిదా. నిలువు గీత మీద చుక్క బాగా కిందికి జారుతుంది. 1977 మార్చి ఎన్నికల్లో పాలక పార్టీ ఓడి గద్దె దిగినప్పుడు దాన్ని మళ్లీ పైకి జరపాలి.