అల్లుడికి, మూడో నంబరు జెర్సీ గురించి

అల్లుడూ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. నిన్ను రగ్బీ అకాడమీలోకి తీసుకున్నారట, యూనివర్సిటీ ఒక ఏడాది ఆపేస్తానంటున్నావట. చెబుతుంటే గొంతులో ఏడుపూ ఉంది, గొప్పా ఉంది. నాకూ అంతే. గుంటూరు నుంచి తొమ్మిదేళ్లప్పుడు వచ్చి, న్యూజిలాండ్‌లో ఈ హామిల్టన్ చలికి మూడు స్వెట్టర్లు తొడుక్కుని తిరిగినవాడివి, ఇప్పుడు రెండు జట్లూ తలలు దూర్చి తోసుకునే స్క్రమ్‌లో ముందు వరస ప్రాప్, మూడో నంబరు జెర్సీ! నిద్ర పట్టక ఇది రాస్తున్నా. తెలుగు చదవడం మర్చిపోయానంటే ఊరుకోను.

చదువు ఆపితే ఆపు గానీ, సీటు వాయిదా వేసిన కాగితం భద్రంగా దాచుకో. కాంట్రాక్టు తెలిసినవాళ్లతో చదివించకుండా సంతకం పెట్టకు. తిండి, నిద్ర సంగతి మీ కోచ్‌లు చూసుకుంటారు.

నీ గదిలో న్యూజిలాండ్ ప్రాప్ కార్ల్ హేమన్ పోస్టరు ఉంది కదా, మీ బావ దగ్గర లాక్కున్నది. ఆయన మొదటి టెస్ట్, అంటే దేశం తరఫున మొదటి మ్యాచ్, నేను కళ్లారా చూశాను. 2001 జూన్, ఆక్లండ్ దగ్గర ఆల్బనీలో, సమోవాతో. ఆల్ బ్లాక్స్, అదే న్యూజిలాండ్ జట్టు, తరఫున ఆడిన వెయ్యో మనిషి ఆయన. ఆరేళ్ల మీ బావ నా భుజాల మీదెక్కి జుట్టంతా పీకేశాడు. మొత్తం 45 టెస్టులు, 2007 వరల్డ్ కప్ అయ్యాక ఇంగ్లండ్‌లో న్యూకాసిల్, అక్కణ్ణుంచి ఫ్రాన్స్‌లో టూలాన్. ఆ క్లబ్బు 2013, 2014, 2015లో వరసగా యూరప్ కప్పు గెలిచిందంటే స్క్రమ్‌లో ఈయన ఉన్నాడు. బంతిని గీత దాటించి ట్రై కొట్టినవాడికి చప్పట్లు, ప్రాప్‌కి మెడనొప్పి. అయినా మా ఇంట్లో దేవుడు ఆయనే.

2012 ఆగస్టులో మీ బావకు పదిహేడేళ్లు. మంగళవారం ప్రాక్టీసులో ఎవరిదో మోకాలు కణతకు తగిలింది. రాత్రి అన్నం కలుపుకుని, ముద్ద చేతిలో పట్టుకుని అలాగే కూర్చున్నాడు. "నాన్నా, ఇవాళ ఏం వారం?" అన్నాడు. చెప్పాను. మళ్లీ అడిగాడు. మూడోసారి అడిగితే నేను నవ్వాను. డాక్టరుకు చూపిద్దామని అత్తయ్య అంటే, "ఆట గురించి నీకేం తెలుసు" అని కసిరాను. శనివారం సెలెక్టర్లు వస్తున్నారు మరి. గురువారం కోచ్ ఫోన్ చేసి పిల్లాడెలా ఉన్నాడని అడిగాడు. "కాస్త జలుబు, అంతే" అన్నాను. ఆ మాట నాదే, ఇంకెవరి మీదా తోయలేను.

శనివారం మ్యాచ్ ఇరవయ్యో నిమిషంలో ఒకడు పట్టి పడేశాడు, మామూలు టాకిల్. పడ్డాడు, లేచాడు. లేచి, నెమ్మదిగా నడుచుకుంటూ వెళ్లి అవతలి జట్టు పిల్లల వరసలో నిలబడ్డాడు. వాళ్లు నవ్వారు. నాకు కాళ్లు ఆడలేదు.

ఎనిమిది నెలలు కర్టెన్లు వేసిన గదిలోనే ఉన్నాడు. ఆ ఏడు పరీక్షలు పోయాయి. ఇప్పటికీ ట్యూబులైటు కింద గంటసేపు కూర్చుంటే తలనొప్పి.

2021 నవంబరులో హేమన్ వార్త వచ్చింది. 41 ఏళ్లకే డిమెన్షియా, జ్ఞాపకాలు పోయే జబ్బు. ఏళ్ల తరబడి తలనొప్పులతో, పిచ్చెక్కుతోందేమో అనుకుంటూ బతికాడట. మీ బావకు ఫోన్ చేశాను. "చూశాను నాన్నా" అన్నాడు, ఇంకేం అనలేదు.

కాబట్టి ఒరే, తలకు తగిలితే నువ్వే చెయ్యెత్తు. ఇప్పుడు తలకు దెబ్బ తగిలిందని అనుమానం వస్తే రిఫరీ బ్లూ కార్డు చూపిస్తాడు కదా, చూపిస్తే వాదించకుండా బయటికి రా. డాక్టరు ఎన్ని వారాలంటే అన్ని వారాలు ఇంట్లో పడుకో, అత్తయ్య పప్పుచారు పంపిస్తుంది. టీములో చోటు పోతుందని టెన్షన్ పడకు. ఇంట్లో చెప్పాలనిపిస్తే మీ అమ్మకు చెప్పు, నాకు కాదు. నేను "జలుబు" అనే రకం.

వచ్చే శనివారం నీ మ్యాచ్‌కి వస్తున్నాం. మీ బావ కూడా వస్తాడు. నల్లకళ్లద్దాలతో ఉంటాడు, మబ్బు పట్టినా తియ్యడు. ఎందుకని అడక్కు.

నీ మామయ్య