లాభం పెరిగితే షేరు ధర పెరుగుతుందా?

ప్రశ్న: మా అబ్బాయి కాలిఫోర్నియాలో చిప్‌ల కంపెనీలో ఇంజినీరు. జీతంతో పాటు ఇచ్చిన షేర్లలో ఒక్కటీ అమ్మలేదు. రెండేళ్లలో ఇల్లు కొనాలంటాడు. టెక్నాలజీ షేర్లు మితిమీరి పెరిగాయి, 2000లో లాగే కూలతాయని మావారి భయం. లాభాలు పెరుగుతుంటే ధర ఎందుకు పడుతుందని వాడి వాదన. ఎవరి మాట సరైనది?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: అమ్మా, ముందు మీవారి పోలిక చూద్దాం. 2000 మార్చిలో ఇంటర్నెట్ నెట్‌వర్క్ పరికరాలు అమ్మే సిస్కో కంపెనీ షేరు 80 డాలర్లు. కంపెనీ మొత్తం విలువ 50 వేల కోట్ల డాలర్లు దాటింది. ఆ ఏడాది లాభం 267 కోట్లే. అంటే ఏడాది లాభానికి దాదాపు 200 రెట్లు విలువను మార్కెట్ కట్టింది. 2025 జులైలో చిప్‌ల కంపెనీ ఎన్విడియా విలువ 4 లక్షల కోట్ల డాలర్లకు చేరినప్పుడు, అంతకుముందు ఆర్థిక సంవత్సరం లాభం దాదాపు 7,300 కోట్లు. అంటే సుమారు 55 రెట్లు. ఖరీదే, కానీ 2000 నాటి పిచ్చి కాదు.

ఇక మీ అబ్బాయి వాదన. 2010లో సిస్కో లాభం 777 కోట్ల డాలర్లు, పదేళ్లలో దాదాపు మూడు రెట్లు. షేరు మాత్రం ఆ ఏడాది 30 డాలర్లు కూడా తాకలేదు. పూత చూసి పదేళ్ల కాపుకు ముందే గుత్త చెల్లించినట్లు, 80 డాలర్లకు కొన్నవాళ్లు రాబోయే లాభాలన్నిటికీ అప్పుడే డబ్బు కట్టేశారు. ఈ ఒక్క లెక్క అతనికి తప్పకుండా చూపించండి.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది కొనుగోలుదారులు కొద్దిమందే కావడం. ఎన్విడియా వంటి కంపెనీల చిప్‌లలో పెద్ద వాటా మైక్రోసాఫ్ట్, గూగుల్, అమెజాన్, మెటా వంటి సంస్థల డేటా సెంటర్లకే వెళుతోంది. అప్పులు చేసి పరికరాలు కొన్న టెలికాం కంపెనీలు చేతులెత్తేయడంతో, 2001లో సిస్కో 200 కోట్ల డాలర్లకు పైగా సరుకును నష్టం కింద రాసుకుంది. నేటి కొనుగోలుదారులకు సొంత ఆదాయం దండిగా ఉంది, నిజమే. అయినా వాళ్లు ఒక్క ఏడాది చేయి బిగిస్తే, ఆ 55 రెట్లను ఏ లాభం మీద లెక్కగట్టామో అదే తగ్గిపోతుంది.

అప్పుడు మీ అబ్బాయికి షేరుతో పాటు ఉద్యోగమూ ప్రమాదంలో పడవచ్చు. హెచ్‌1బీ వీసా మీద ఉంటే, ఉద్యోగం పోయాక మరొకటి వెతుక్కోవడానికి సాధారణంగా 60 రోజులే గడువు. జీతం, పొదుపు, వీసా మూడూ ఒకే కంపెనీకి ముడిపెట్టుకుని, రెండేళ్లలో కావలసిన ఇంటి డబ్బును కూడా అక్కడే ఉంచడం నాకు ఏ మాత్రం సమ్మతం కాదు. షేరు రేపు ఇంకా పెరిగినా నా మాట మారదు.

ఇంటికి మొదట కట్టవలసినంత మొత్తానికి షేర్లు ఇప్పుడే అమ్మమనండి. మిగిలినవి ఉంచుకోవచ్చు. పన్నుకు జంకుతున్నాడేమో! ఆ షేర్లు చేతికొచ్చిన రోజునే వాటి విలువను జీతంగా లెక్కించి అమెరికా పన్ను వేసేస్తుంది. ఆ తర్వాత పెరిగిన దాని మీదే మళ్లీ పన్ను. కాబట్టి ఈమధ్య వచ్చిన షేర్లను ముందు అమ్మితే భారం సాధారణంగా తక్కువే.