న్యాయ సందేహాలు: తప్పు జరిగిందన్నారు, వదిలేయమని చెప్పలేదేం?

ప్రశ్న: హనుమకొండలో లా చదువుతున్నాను మేడమ్. టాంజానియాలో దోపిడీ కేసులో 30 ఏళ్ల శిక్ష పడిన అలెక్స్ థామస్‌కు న్యాయమైన విచారణ జరగలేదని ఆఫ్రికా మానవ హక్కుల కోర్టు తేల్చింది కదా. అయినా విడుదలకు ఆదేశించలేదట. మరి ఆ తీర్పు ఎందుకు? మన ఖైదీలు అలాంటి కోర్టుకు వెళ్లగలరా?
– ఓ విద్యార్థిని

జవాబు: 2015 నవంబరు 20 నాటి ఆ తీర్పును చివరిదాకా చదవమ్మా, కోపం కొంత తగ్గుతుంది.

కేసు నడిచింది రోంబో జిల్లా కోర్టులో. ముద్దాయి తన వాదన చెప్పుకోవాల్సిన సమయానికి ఆసుపత్రిలో ఉన్నాడు. తరఫున లాయరూ లేడు. అతని మాట వినకుండానే శిక్ష వేసేశారు. ఒక్క వాయిదా ఇస్తే ఏం పోయేది? ముద్దాయిల తరఫున ఏళ్లపాటు వాదించినదాన్ని, ఇది చదివితే నాకు ఒళ్లు మండిపోయింది.

తమ దేశంలో రాజ్యాంగ పిటిషన్ వేయకుండా నేరుగా ఆఫ్రికా కోర్టుకు వచ్చాడని టాంజానియా ప్రభుత్వం అడ్డం తిరిగింది. అప్పీళ్లన్నీ అయ్యాకే వచ్చాడు, అది చాలంది కోర్టు. అంత పెద్ద శిక్ష పడే కేసులో, ముద్దాయి అడిగినా అడక్కపోయినా ఉచితంగా లాయర్ని పెట్టాల్సిందేనని కూడా చెప్పింది.

ఇక విడుదల సంగతి. ఆఫ్రికా కోర్టు టాంజానియా కోర్టుల మీద అప్పీలు కోర్టు కాదు. చాలా ప్రత్యేకమైన పరిస్థితుల్లో తప్ప విడుదల చేయమనదు. అయితే జరిగిన తప్పును సరిదిద్దమంటూనే, కేసు మళ్లీ తెరవడానికీ, మళ్లీ విచారించడానికీ వీల్లేదంది. శిక్షలో చాలా భాగం అప్పటికే అనుభవించాడు మరి. ఆ రెండు దారులూ మూసేశాక ప్రభుత్వానికి మిగిలేదేమిటో లా విద్యార్థినివి, నీకు నేను చెప్పాలా?

నాకు బాధ కలిగించేది వేరే ఉంది. ఆ కోర్టు ఉన్నది టాంజానియాలోనే, అరూషాలో. వ్యక్తులు నేరుగా ఫిర్యాదు చేసుకోవచ్చంటూ తాను ఇచ్చిన అంగీకారాన్ని అదే టాంజానియా 2019 నవంబరులో వెనక్కి తీసుకుంది. పాత కేసులు సాగుతాయి, కానీ 2020 నవంబరు నుంచి అక్కడి ఖైదీలు కొత్తగా నేరుగా ఆ తలుపు తట్టలేరు.

మన ఖైదీలకా? ఆసియాకు అలాంటి కోర్టే లేదు. పౌర, రాజకీయ హక్కుల అంతర్జాతీయ ఒడంబడికలో మన దేశం 1979లో చేరింది గానీ, వ్యక్తులు ఐక్యరాజ్యసమితి కమిటీకి ఫిర్యాదు చేసుకునే ప్రోటోకాల్‌లో చేరలేదు. కాబట్టి మన హైకోర్టు, సుప్రీంకోర్టులే గతి. ఉచిత న్యాయ సహాయానికి రాజ్యాంగంలో 39ఎ అధికరణం ఉంది. ఖైదీకి అప్పీలు కోసం తీర్పు కాపీ ఉచితంగా, సకాలంలో అందాలని 1978లో హోస్కోట్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

మీ కాలేజీ లీగల్ ఎయిడ్ క్లినిక్ తరఫున జైలుకు వెళ్తే, సెక్షన్లు చెప్పే ముందు ఆ కాపీ అందిందా అని అడుగు. అప్పీళ్లు ఆలస్యమవడానికి నేను చూసిన చాలా కేసుల్లో కారణం ఆ కాపీ అందకపోవడమే.