నఖాబ్ ఎందుకు? పదకొండేళ్లుగా వేసుకుంటున్నదాన్ని చెబుతున్నాను

ప్రశ్న ఇది: "తలకు గుడ్డ కట్టుకోవడం వరకు అర్థం చేసుకోగలను. కొందరు ముస్లిం స్త్రీలు ముఖం కూడా కప్పుకుంటారెందుకు? అది నిజంగా వాళ్ల ఇష్టమేనా, ఇంట్లోవాళ్ల ఒత్తిడా?"

నేను పదకొండేళ్లుగా నఖాబ్‌తో, అంటే కళ్లు తప్ప ముఖమంతా కప్పే గుడ్డతో, ముఖం కప్పుకుంటున్నాను. మా ఇంట్లో నేను తప్ప ఇంకెవరూ కప్పుకోరు. మా అమ్మ కప్పుకోలేదు, అత్తమ్మ కప్పుకోలేదు, మా నానమ్మకైతే బురఖా తొడుక్కోవడమే తెలియదు. అందుకే ఈ ప్రశ్న చూడగానే సమాధానం రాయాలనిపించింది.

మాది గుంటూరు జిల్లాలో ఒక పల్లె. దూదేకుల కుటుంబం. తాతయ్య దూది ఏకి పరుపులు కుట్టేవారు. ఇంట్లో మాట్లాడేది తెలుగే; ఉర్దూ నేను హైదరాబాదు వచ్చాక నేర్చుకున్నాను. నానమ్మ నేత చీర కట్టుకుని మిరపకాయల కోతకు వెళ్లేది. నమాజు వేళ కొంగు తలమీదుగా చెవుల వెనక్కి దోపుకునేది. అంతే ఆమె పరదా. ఊళ్లో ఆమె భక్తిని శంకించినవారు ఎవరూ లేరు, నేనూ శంకించను. డిగ్రీ పూర్తయ్యేవరకు నేనూ చున్నీ వేసుకుని తిరిగినదాన్నే. కనుక "వాళ్ల ఇళ్లలో ఆచారం, అందుకే వేసుకుంటారు" అన్న జవాబు నా విషయంలో నిలవదు.

పెళ్లయి మెహదీపట్నం వచ్చాక, ఒక రంజాన్ నెలలో, మొదటిసారి ఖురాన్‌ను తెలుగులో చదివాను. అంతకుముందు అరబ్బీలో చదివేదాన్ని, అర్థం తెలియదు. చిన్నప్పటి నుంచి నోటికి వచ్చిన మాటలు నాతో నా భాషలో మాట్లాడినట్టు అనిపించిన నెల అది. 24వ అధ్యాయంలో, 30వ వాక్యం దగ్గర ఆగిపోయాను. చూపులు దించుకోమన్న ఆదేశం అక్కడ ముందుగా మగవాళ్లకు ఉంది. ఆ తర్వాతి వాక్యంలో స్త్రీలకు. తల మీది వస్త్రాన్ని ఎద మీదికి కప్పుకోమన్నది అక్కడే. 33వ అధ్యాయం, 59వ వాక్యంలో పైవస్త్రాన్ని తమ మీదికి లాగుకోమని ఉంది. "నఖాబ్" అన్న మాట ఖురాన్‌లో లేదు. ఇది దాచవలసిన విషయం కాదు. ఆ వాక్యాల పరిధిలోకి ముఖం కూడా వస్తుందా రాదా అన్నదానిపై పండితులు వందల ఏళ్లుగా భిన్నంగానే చెబుతున్నారు. తప్పనిసరి అన్నవారున్నారు. తప్పనిసరి కాదు, కప్పుకుంటే మంచిది అన్నవారున్నారు. అవసరమే లేదన్నవారూ ఉన్నారు.

నేను రెండో మాటను నమ్ముతాను. తప్పనిసరి కాదని నమ్ముతూ కూడా ఎందుకు వేసుకుంటున్నావని నన్ను చాలామంది అడిగారు. రంజాన్ నెల ఉపవాసాలు మాకు విధి. సోమవారం, గురువారం ఉపవాసాలు విధి కావు, అయినా ఉండేవారు ఉంటారు. మీ వీధిలో ఎవరో ఒకరు అయ్యప్ప మాల వేసుకుని ఉంటారు. నలభై ఒక్క రోజులు నల్లబట్టలు, చెప్పుల్లేని కాళ్లు, నేల మీద పడక. ఆ మనిషిని ఆపి, నీ మీద ఇంట్లోవాళ్ల ఒత్తిడి ఉందా అని ఎవరూ అడగరు. దేవుడికి దగ్గర కావాలన్న కోరికతో మనిషి తన మీద తాను ఒక నియమం పెట్టుకుంటాడని మనందరికీ తెలుసు. నా నఖాబ్ అలాంటి నియమం. మాలకు గడువు ఉంది, దీనికి నేను గడువు పెట్టుకోలేదు.

మొదటిసారి వేసుకున్నది రంజాన్ చివరి పది రోజుల్లో. పత్తర్‌గట్టీలో కొన్న మామూలు గుడ్డ, నుదుటి మీదుగా తల వెనక ముడివేసేది. ఆ పది రోజుల కోసమే అనుకున్నాను. మొదటి రోజు నడుస్తుంటే నా ఊపిరి నాకే వినిపించింది. కళ్లజోడు మసకబారింది. బస్సులో ఒకామె తన బిడ్డను నా పక్కనుంచి తన వైపుకు లాక్కుంది. ఆ రాత్రి ఏడ్చాను. తీసేద్దామని కూడా అనుకున్నాను. కానీ పదో రోజుకి ఇంకేదో మొదలైంది. ఆటో ఆయనతో పది రూపాయల కోసం గొంతు పెంచబోయి ఆగిపోయాను. వరుసలో ముందుకు జరగబోయి ఆగిపోయాను. ఎదుటివాళ్లకు నేను ఫలానా మనిషిగా కనిపించడం లేదు, నా విశ్వాసం కనిపిస్తోంది. నేను కసిరితే అది కసిరినట్టు, నేను అబద్ధమాడితే అది ఆడినట్టు. నఖాబ్ నన్ను లోకం నుంచి దాచిందని బయటివాళ్లు అనుకుంటారు. నాకు అది రోజంతా ఎవరో భుజం మీద చెయ్యి వేసి నా మాటను నాకే గుర్తుచేస్తున్నట్టు ఉంటుంది. పండుగ వెళ్లిపోయాక కూడా తీయాలనిపించలేదు.

మా ఆయన వద్దన్నారు. కోపంతో కాదు, భయంతో. "నిన్ను ఎవరైనా ఏమైనా అంటే?" అన్నారు. మా అమ్మ ఫోనులో, "మన ఇళ్లలో ఇలాంటివి లేవు కదమ్మా, ఊపిరాడుతుందా?" అంది. వాళ్లిద్దరినీ ఒప్పించడానికి నాకు దాదాపు ఏడాది పట్టింది. ఒత్తిడి అన్నది నా ఇంట్లో ఉన్నమాట నిజమే, వేసుకోవద్దన్న వైపు.

నా మాట నాకే వర్తిస్తుంది. పాతబస్తీలో, టోలీచౌకీలో ఇన్నేళ్లు తిరిగాక ఒకే గుడ్డ వెనక ఎన్ని రకాల కారణాలు ఉంటాయో చూశాను. నాకు తెలిసిన ఒకామె నాలుగిళ్లలో వంట చేస్తుంది. బంధువులకు ఆ సంగతి తెలియకూడదు. చిరుగుపట్టిన చీర మీద బురఖా వేసుకుని, ముఖం కప్పుకుని వెళ్తుంది. దేవుడి మాట తర్వాత, తన మర్యాద ముందు అంటుంది ఆమె. ఇంకో అమ్మాయి, నా దగ్గర చదువుకున్నదే, నఖాబ్ వేసుకుంటేనే కాలేజీకి పంపుతామని ఇంట్లో అన్నారట. వేసుకుంది, చదువుకుంది, ఇప్పుడు ఉద్యోగం చేస్తోంది. దాన్ని ఇష్టం అనాలో బలవంతం అనాలో నాకు తెగలేదు. ఆ అమ్మాయి మాత్రం బేరం అంటుంది. కొందరు భర్త గల్ఫ్ నుంచి వచ్చాక మొదలుపెట్టారు. కొందరికి వీధిలో వెంటపడే చూపుల బెడద. కొందరికి చిన్నప్పటి నుంచి అలవాటు, అది లేకుండా గడప దాటితే ఒంటిమీద ఏదో తక్కువైనట్టు ఉంటుంది.

బలవంతం ఉన్న ఇళ్లు కూడా ఉన్నాయి. మా వీధిలో ఒకామెకు భర్త నఖాబ్ లేనిదే కిటికీ దగ్గర నిలబడే హక్కు కూడా ఇవ్వలేదు. ఆమె పుట్టింటికి వెళ్లిపోతానన్న రోజు నేను తోడు వెళ్లాను. బస్సెక్కాక ఆమె నఖాబ్ విప్పి నా చేతిలో పెట్టింది. నేను వేసుకుని, ఆమె విప్పి, ఇద్దరం పక్కపక్కనే కూర్చున్నాం. నాకు ఏ తేడా అనిపించలేదు. నేను ఏ హక్కుతో వేసుకున్నానో ఆమె అదే హక్కుతో విప్పింది. ఆ హక్కు ఆమెకు లేదంటే నా నఖాబ్ ఆరాధన అన్న మాటకు అర్థమే ఉండదు. బలవంతంగా చేయించిన నమాజు ఎవరి నమాజు?

అందుకే ఈ విషయంలో ప్రభుత్వాలు చేయి పెట్టడం నాకు నచ్చదు, ఏ వైపు నుంచైనా సరే. ఇరాన్‌లో 1936లో ఆడవాళ్ల తలల మీది ముసుగును పోలీసుల చేత లాగించారు. 1979 విప్లవం తర్వాత అదే దేశంలో తప్పనిసరి చేశారు. 2022 మేలో తాలిబాన్ అఫ్గాన్ స్త్రీలు ముఖం కప్పుకోవాలని ఆజ్ఞ జారీచేసింది. ఫ్రాన్స్‌లో 2011 ఏప్రిల్ నుంచి బహిరంగ ప్రదేశాల్లో ముఖం కప్పుకుంటే 150 యూరోల దాకా జరిమానా. ఆ చట్టాన్ని యూరప్ మానవ హక్కుల న్యాయస్థానం 2014లో సమర్థించింది. 2018లో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిటీ హక్కుల ఉల్లంఘన అంది. ఇన్ని తీర్పులు చెప్పినవారు ఒక్కసారి ఆ స్త్రీని పక్కన కూర్చోబెట్టుకుని అడిగితే బాగుండేదనిపిస్తుంది నాకు.

ముఖం దాచుకోవడం తెలుగువాళ్లకు పరాయి సంగతి అనుకునేవారికి ఒక మాట. మన భాషలో "ఘోషా" (పరదా) అన్న మాట ఎందుకు వాడుకలోకి వచ్చిందో గుర్తు తెచ్చుకోండి. రాజుల ఇళ్లలో, కొన్ని జమీందారీ కుటుంబాల్లో ఆడవాళ్లు ఘోషా పాటించేవారు, మేనాలకు తెరలు కట్టుకుని వెళ్లేవారు. విశాఖపట్నంలో ఆడవాళ్ల ప్రభుత్వాసుపత్రిని జనం ఘోషాసుపత్రి అనే పిలిచారు. మరోవైపు హైదరాబాదులోనే రచయిత్రి సుగ్రా హుమాయూన్ మీర్జా పరదా వదిలి సభల్లో మాట్లాడారు, ఆడపిల్లలకు బడి పెట్టారు. ఆమె ముస్లిం స్త్రీయే. ఆ బడి లాంటివి లేకపోతే నాలాంటివాళ్లు ఈ రోజు బోర్డు ముందు నిలబడేవాళ్లం కాదు. ఆమె వదిలినదాన్ని నేను ఎంచుకున్నాను. అయినా ఆమెకు నేను రుణపడి ఉన్నాను.

రోజువారీ సంగతులు కూడా కొన్ని చెబుతాను, అపోహలు ఎక్కువ గనుక. ఇంట్లో నఖాబ్ ఉండదు. ఆడవాళ్ల మధ్య ఉండదు. తండ్రి, అన్నదమ్ములు, కొడుకులు, మామగారు, మేనమామ, బాబాయి ముందు ఉండదు. నేను ఆడపిల్లల జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతాను. తరగతి తలుపు మూయగానే తీసి బల్ల మీద పెడతాను. నా విద్యార్థినులకు నా ముఖం బాగా తెలుసు, నా కోపం ఇంకా బాగా తెలుసు. నమాజులో సాధారణంగా ముఖం తెరిచే ఉండాలి. మక్కా యాత్రలైన హజ్‌కు, ఉమ్రాకు వెళ్లి ఇహ్రామ్‌లో, అంటే యాత్ర దీక్షలో, ఉన్నప్పుడు స్త్రీ నఖాబ్ కట్టుకోకూడదని ప్రవక్త మాట ఉంది. ఇది విని ఆశ్చర్యపోయినవారు ముస్లింలలోనూ ఉన్నారు. వైద్యుడి దగ్గర, సాక్ష్యం చెప్పేచోట, గుర్తింపు కావలసినచోట ముఖం చూపడానికి మతంలో అభ్యంతరం లేదు. నా ఆధార్ మీద, ఓటరు కార్డు మీద నా ముఖమే ఉంది. ఓటరు జాబితాలో ఘోషా స్త్రీల ఫొటో వద్దని ఒకరు 2006లో మద్రాసు హైకోర్టుకు వెళ్లినప్పుడు కోర్టు ఒప్పుకోలేదు. ఆ తీర్పుతో నాకు పేచీ లేదు. పోలింగు రోజు అక్కడి మహిళా సిబ్బందికి ముఖం చూపి, వేలికి సిరా వేయించుకుని వస్తాను. అర నిమిషం పని.

అర నిమిషం పనే, చేసే మనసుంటే. ఒక బ్యాంకులో కాపలా మనిషి అందరి ముందూ "ముఖం చూపించు, లేకపోతే బయటికి నడువు" అన్నాడు. మహిళా ఉద్యోగి ఎవరైనా ఉంటే పక్కకు వచ్చి చూపిస్తానన్నాను. గంటసేపు నిలబెట్టారు. ఒకచోట ఉద్యోగానికి వెళ్తే, లెక్క ఒక్కటీ అడగకుండా, "పిల్లలు భయపడతారు" అని పంపేశారు. పదేళ్ల అనుభవం, మంచి ఫలితాలు అన్నీ నా సంచిలోని కాగితాల్లోనే ఉండిపోయాయి. ఇవి తలచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

2020లో ఊరంతా మాస్కులు కట్టుకుని తిరిగినప్పుడు, మా స్టాఫు గదిలో భౌతికశాస్త్రం చెప్పే అక్క ఒకరు, మాస్కు వెనక నుంచి, "నువ్వు నవ్వుతున్నావని నీ కళ్లు చూస్తే తెలుస్తుంది, ఇన్నేళ్లూ సరిగా చూడలేదు" అన్నారు. ఆ మాట దాచుకున్నాను.

మా అమ్మాయికి పదమూడేళ్లు. బడికి తలగుడ్డ కట్టుకుని వెళ్తుంది, నఖాబ్ లేదు. నేను వేసుకోమనలేదు, అననని ఆమెకు మాటిచ్చాను. మొన్న రంజాన్‌లో అద్దం ముందు నా నఖాబ్ కట్టుకుని కాసేపు అటూ ఇటూ తిరిగి చూసుకుంది. తర్వాత విప్పి, "ఉక్కపోస్తోందమ్మా" అని నా చేతికిచ్చింది. మడిచి అలమరలో నా వాటితో పాటు పెట్టాను.