ముద్దు కూడా లేని ప్రేమకథలు ఎందుకు చదువుతానంటే

"ఆమిష్ ప్రేమకథల్లో ముద్దుండదు, గొడవుండదు, మరి అంతమంది ఎందుకు చదువుతారు?" అని ఒకరు అడిగారు. ఆమిష్ వాళ్లంటే సొంత కార్లు పెట్టుకోకుండా, గుర్రబ్బళ్ల మీద తిరుగుతూ పాత పద్ధతుల్లో బతికే ఒక క్రైస్తవ శాఖ. నేను అమెరికాలోని పెన్సిల్వేనియాలో, వాళ్లు ఎక్కువగా ఉండే లాంకాస్టర్ కౌంటీకి గంట దూరంలో ఉంటాను. ఆ కథలు లైబ్రరీ నుంచి సంచీడేసి తెచ్చుకుని చదువుతాను కాబట్టి చెబుతున్నాను.

మా అమ్మ విజిటర్ వీసా మీద వచ్చి ఆర్నెల్లు ఉంది. ఇంగ్లీషు రాదు. రాత్రిళ్లు నేను చదివిన కథ తెలుగులో చెప్పేదాన్ని. ఒక కథలో తల్లి పెరట్లో సెలెరీ (కాడలు తినే ఒక ఆకుకూర) నాటుతుంది, రెండు వరుసలు చాలే ఇంట్లో పది వరుసలు. పక్కింటావిడ కంచె దగ్గర నిలబడి చూసి, ఏమీ అడక్కుండా వెళ్లిపోతుంది. అమ్మకి అర్థం కాదనుకుని ఆపి వివరించాను. లాంకాస్టర్ ఆమిష్ పెళ్లిళ్లకి 200 నుంచి 400 మంది వస్తారు. విందులో సెలెరీ క్రీములో ఉడికించి వడ్డిస్తారు, కాడలు గాజు సీసాల్లో నిలబెట్టి బల్లల మీద పెడతారు. సంబంధం సంగతి మాత్రం చర్చిలో ప్రకటించేదాకా బయటికి పొక్కనివ్వరు.

"చాల్లే, అర్థమైంది. మా పెద్దక్కకి కుదిరినప్పుడు మీ అమ్మమ్మ ఎవరికీ చెప్పలేదు. కారం ఎక్కువ కొట్టించింది. ఆ సాయంత్రానికే ఊరంతా తెలిసిపోయింది" అంది.

సెప్టెంబరులో 340 రోడ్డు మీద బర్డ్-ఇన్-హ్యాండ్ అనే ఊరు దాటి వెళుతుంటే "ఆపు, ఆపు" అని కేకేసింది. తెల్ల ఇల్లు, దండెం మీద నీలం, ఊదా గౌన్లు, వెనక పెరట్లో సెలెరీ. కార్లోంచే వరుసలు లెక్కపెట్టింది. "ఈ ఇంట్లో పిల్లకి కుదిరిందే! ముహూర్తం ఎప్పుడంటావు?" కోతలయ్యాక, చాలావరకు నవంబరులో, మంగళవారమో గురువారమో అన్నాను. "మంగళవారం పెళ్లేమిటే!" అని కంగారుపడింది. ముందురోజు వంటలు, మర్నాడు సర్దుళ్లు ఉంటాయి, ఆదివారం పని చేయకూడదు, అందుకే ఆ రెండు రోజులు అన్నాక కుదుటపడింది.

నన్నడిగితే ఈ కథల రుచంతా అక్కడే ఉంది. నోటితో చెప్పడానికి వీల్లేని చోట సెలెరీ మాట్లాడుతుంది, గుర్రం మాట్లాడుతుంది. ఆదివారం రాత్రి యువతీయువకులు పాటలు పాడుకున్నాక అబ్బాయి అమ్మాయిని బగ్గీలో, అంటే గుర్రబ్బండిలో, ఇంటి దగ్గర దింపుతాడు. కథంతా ఆ దారే. పన్నెండు పేజీలకి అది సరిగ్గా సరిపోతుంది. దాన్నే మూడొందల పేజీలు చేయాలని కొట్టం తగలబెట్టడం, బగ్గీకి ట్రక్కు గుద్దించడం నాకు అస్సలు నచ్చదు.

గొడవ లేదనడం కూడా తప్పే. పెళ్లి కావాలంటే ఇద్దరూ ముందు బాప్తిస్మం తీసుకుని సంఘంలో చేరాలి. చేరాక వదిలిపోతే వెలి. ఇరవై ఏళ్ల పిల్ల ఒకబ్బాయికి సరే అంటే ఆ మాటతో బతుకంతా ఎటో తేలిపోతుంది. ఇంతకంటే పెద్ద గొడవ ఏ కథలో ఉంది?

నా బాధ వేరే. రాసేవాళ్లలో ఎక్కువమంది ఆమిష్ కారు, వేరే క్రైస్తవ శాఖలవాళ్లు. అందుకే కథానాయిక ప్రతి పేజీలో తన విశ్వాసం గురించి ఉపన్యాసం ఇస్తుంది. అణకువనే పెద్ద గుణంగా పెంచుకున్న మనుషులు అలా మాట్లాడరు. అట్ట మీద బొమ్మ ఇంకా ఘోరం, తల మీద తెల్ల టోపీ, పెదాలకి రంగు! ఫోటోలు వద్దనే ఆమిష్ వాళ్ల మొహాల్లోకి ఫోన్లు దూర్చే టూరిస్టులని చూసినా అలాగే ఒళ్లు మండుతుంది.

అమ్మ అక్టోబరులో వెళ్లిపోయింది. నవంబరులో రెండుసార్లు ఫోను చేసి "ఆ పిల్ల పెళ్లయిందా?" అని అడిగింది. ఒక గురువారం సెలవు పెట్టి వెళ్లాను. పెరట్లో సెలెరీ లేదు, తవ్విన మట్టి మాత్రం ఉంది. ఫోటో తీయలేదు, అమ్మకి మాటల్లోనే చెప్పాను.