డీజిల్ కారులో డీపీఎఫ్ లైటు ఆరట్లేదా? సమాధానం
పెట్రోల్ కారు మార్చి డీజిల్ కొన్నాక, పొగలోని మసిని పట్టే ఫిల్టర్ (డీపీఎఫ్) లైటు వెలిగి ఆరట్లేదని, రోజూ తిరిగేది 3 కిలోమీటర్లేనని అడిగారు కదా. కారణం ఆ రోజువారీ 3 కిలోమీటర్ల తిరుగుడే. విజయనగరం కోట నుంచి స్టేషనుకి, మళ్లీ ఇంటికి అంటే మీ పాత పెట్రోల్ కారు ఊరుకుంది. బీఎస్ 6 (కాలుష్య ప్రమాణం) డీజిల్ కారు ఊరుకోదు. పొగ ఫిల్టర్‌లో మసి పేరుకుంటుంది, బాగా వేడెక్కితేనే కాలుతుంది.

1. డీజిల్ పావు ట్యాంకుకు పైనే ఉంచండి.
2. నాతవలస దగ్గర హైవే ఎక్కండి.
3. నాలుగో గేరు, 2,000 ఆర్‌పీఎం (ఇంజిన్ తిరిగే వేగం) పైన, ఓ 20 నిమిషాలు నడపండి.
4. అందరూ తప్పేది ఇక్కడే: మధ్యలో ఇంజిన్ ఆపొద్దు. బండి నిలబడ్డాక కూడా ఆర్‌పీఎం కాస్త ఎక్కువుండి, ఫ్యాన్ గోల పెడుతుంటే మసి ఇంకా కాలుతోందన్నమాట. ఇల్లొచ్చినా ఇంకో చుట్టు తిరగండి. (నేను రెండుసార్లు ఆపేసి వర్క్‌షాపు పాలయ్యాను.)

చెక్ ఇంజిన్ లైటు కూడా వెలిగితే ఇవేవీ వద్దు, నేరుగా సర్వీసుకే.